కయాక్‌లో చేపల వేటకు వెళ్తున్నారా? లంగరు వేయడం కన్నా ముందు వదిలేయడం నేర్చుకోండి

ఆదివారం ఫజర్ తర్వాత అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఆ టైమ్‌లో కారు డిక్కీలో గాలాలు, ఐస్ డబ్బా సర్దుకుని ఊరి బయటి చెరువులకు బయల్దేరే కుర్రాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఇదివరకైతే గట్టు మీద కూర్చుని గాలం వేసేవాళ్లు. ఇప్పుడు గాలి కొట్టి వాడుకుని, మళ్లీ మడతపెట్టేసే కయాక్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో మంచం కింద పట్టేస్తాయి. వాటితో పాటు ఒక చిన్న మడత లంగరు, కాస్త తాడు కూడా కొంటున్నారు.

ఆ లంగరు చూడటానికి బొమ్మలా ఉంటుంది. బరువు ఒక కిలోనో, ఒకటిన్నర కిలోనో. "ఇదేం చేస్తుందిలే" అనిపిస్తుంది. కానీ కయాక్ మీద ఉన్న సామానులో మనిషి ప్రాణం మీదికి తెచ్చే వస్తువు ఏదైనా ఉందంటే మొదట చెప్పాల్సింది దాని గురించే. గాలం వల్ల వేలు తెగుతుంది. లంగరు తప్పుగా కడితే కయాక్ బోల్తా పడుతుంది. అందుకే ఈ వ్యాసం. కొడుకు కయాక్ కొన్నాడని తెలిసిన అమ్మీ, అబ్బా కూడా చదవాల్సిన విషయమే ఇది.

లంగరు మాట మనదే

తెలుగులో లంగరు, ఉర్దూలో లంగర్. ఫార్సీ నుంచి వచ్చిన ఒకే మాట ఇది. ఓడను నిలబెట్టేది లంగరే, ఏనుగు కాలికి వేసే గొలుసూ లంగరే. గోల్కొండ యువరాజు అబ్దుల్లా ఎక్కిన ఏనుగు బెదిరి పరుగెత్తినప్పుడు, కొడుకు క్షేమంగా తిరిగొస్తే బంగారు లంగరు సమర్పిస్తానని తల్లి హయత్ బక్షీ బేగం మొక్కుకుందని, హైదరాబాద్‌లో లంగర్ ఊరేగింపు అలా మొదలైందని పెద్దలు చెప్పుకునే కథ చాలామందికి తెలుసు.

ఏనుగును ఆపే గొలుసుకు, నీటి మీద పడవను ఆపే ఇనుప కొక్కేనికి ఒకే పేరు రావడంలో అర్థం ఉంది. రెండింటి పనీ ఒక్కటే, కదిలేదాన్ని కదలకుండా పట్టుకోవడం. పట్టుకున్నది బలమైనదైతే సరే. పట్టుకున్నది ముప్పై కిలోల కయాక్ అయితే, దాని మీద మన పిల్లాడు కూర్చుని ఉంటే, అప్పుడు లెక్క మారిపోతుంది.

అసలు లంగరు ఎందుకు?

మన చెరువుల్లో రోహు, బొచ్చె, కొర్రమీను ఎక్కువగా తుమ్మ మోళ్ల దగ్గర, తుంగ గడ్డి అంచున, రాళ్ల సందుల్లో ఉంటాయి. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా. అలాంటి చోట గాలం వేసి కూర్చోవాలంటే కయాక్ ఒక్కచోట నిలబడాలి. కయాక్ తేలికగా ఉంటుంది కాబట్టి చిన్న గాలికే కొట్టుకుపోతుంది. తెడ్డు వేస్తూ గాలం పట్టుకోవడం కుదరదు. అందుకని లంగరు.

మన చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు పుట్టి మీదో, థర్మకోల్ తెప్ప మీదో వెళ్లి, బరువైన రాయికి తాడు కట్టి దింపుతారు. గాలి లేని చెరువులో అది చాలు. వాళ్లకు ఆ నీళ్లు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎక్కడ మోడు ఉందో, ఎక్కడ లోతు ఉందో చెప్పగలరు. వారానికోసారి సిటీ నుంచి వెళ్లే మనకు ఆ తెలివిడి లేదు. ఆ లోటును జాగ్రత్తతోనే పూడ్చుకోవాలి.

మొదటి నియమం: పక్కన కట్టొద్దు

కొత్తవాళ్లు చేసే అతి పెద్ద తప్పు ఇదే. సీటు పక్కన చేతికి అందేలా ఒక రింగో, హ్యాండిలో ఉంటుంది. తాడు దానికి కట్టేస్తారు. చేతికి దగ్గరగా ఉంటుంది కదా అనుకుంటారు.

ఏం జరుగుతుందో చూడండి. కయాక్ పొడవుగా, సన్నగా ఉంటుంది. ముందు కొన ప్రవాహానికి ఎదురుగా ఉంటే నీళ్లు రెండు వైపులా చీలి జారిపోతాయి. తాడు పక్కన కడితే కయాక్ అడ్డం తిరుగుతుంది. పది అడుగుల పొడవున్న పక్క మొత్తం నీటికి గోడలా అడ్డు నిలబడుతుంది. నీళ్లు అటు తోస్తాయి, లంగరు తాడు ఇటు కిందికి లాగుతుంది. తాడు కట్టిన వైపు అంచు నీళ్లలోకి వంగుతుంది. ఒక్కసారి అంచు మీదుగా నీళ్లు ఎక్కడం మొదలైతే ఆపడానికి టైమ్ ఉండదు. మూడు నాలుగు సెకన్లలో మనిషి నీళ్లలో ఉంటాడు. పక్కనే బిగుసుకున్న తాడు, గాలం తీగలు ఉంటాయి.

ప్రవాహం వేగం రెండింతలైతే నీటి తోపు రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు అవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. "పొద్దున బానే ఉంది కదా, కాస్త స్పీడ్ పెరిగింది అంతే" అనుకునే చోటే ప్రమాదం ఉంది.

కాబట్టి తాడు ఎప్పుడూ కయాక్ ముందు కొన నుంచి గానీ, వెనక కొన నుంచి గానీ పోవాలి. నిలకడ నీళ్లలో, చిన్న గాలిలో ఏ కొన అయినా ఫర్వాలేదు. నీటి కదలిక ఏ మాత్రం ఉన్నా కొత్తవాళ్లు ముందు కొననే వాడాలి. ప్రవాహం గట్టిగా ఉంటే అసలు లంగరే వేయొద్దు. వాగుల్లో, కాలువల్లో, ప్రాజెక్టు గేట్ల దగ్గర కయాక్‌కు లంగరు పనికిరాదు.

కొన వరకు చేయి అందదు కదా?

నిజమే. నీళ్ల మధ్యలో సీటు మీంచి లేచి కొన దాకా పాకడం అంటే బోల్తా పడటానికి దగ్గరి దారి. దానికోసమే లంగరు ట్రాలీ అనే ఏర్పాటు ఉంది. కయాక్ పక్కన ముందు ఒక కప్పీ, వెనక ఒక కప్పీ బిగించి, వాటి మధ్య సన్నటి తాడును చుట్టుగా తిప్పుతారు. ఆ తాడుకు ఒక రింగ్ ఉంటుంది. బావి గిలకలా, తాడు లాగితే రింగ్ ముందుకో వెనక్కో పోతుంది. లంగరు తాడును సీటు దగ్గరే రింగ్‌లో దూర్చి, తర్వాత రింగ్‌ను కొనకు పంపిస్తారు. మనిషి సీటు మీంచి కదలక్కర్లేదు.

గాలి కొట్టే కయాక్‌లకు కప్పీలు బిగించడం కష్టం. వాటికి ముందు కొనలో గట్టి ఇనుప రింగ్ ఉంటే అదే చాలు. గట్టు మీద ఉన్నప్పుడే తాడు తోకను ఆ రింగ్‌లోంచి దూర్చి సీటు దగ్గరికి తెచ్చి పెట్టుకోవాలి. నీళ్లలోకి వెళ్లాక ఆ పని పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం: ఒక్క సెకనులో వదిలేసే ఏర్పాటు

ఈ వ్యాసంలో ఒక్క పేరా గుర్తుంచుకుంటే చాలు అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. లంగరు తాడును కయాక్‌కు ముడి వేసి కట్టొద్దు. ఎంత మంచి ముడి అయినా సరే. తాడు మీద లాగుడు ఉన్నప్పుడు తడి ముడి విప్పడం ఎవరి వల్లా కాదు.

తాడు తోకను ముందు కొన రింగ్‌లోంచి తెచ్చి, సీటు దగ్గర ఉన్న క్లీట్‌లో ఇరికించాలి. క్లీట్ అంటే తాడును పళ్లతో పట్టుకునే చిన్న బిగింపు. పైకి ఒక్క గుంజు గుంజితే వదిలేస్తుంది. తాడు తోక చివర ముడి ఉండకూడదు. ముడి ఉంటే రింగ్ దగ్గర ఇరుక్కుపోతుంది. అప్పుడు వదిలినా వదలనట్టే.

మరి లంగరు పోతుంది కదా? పోదు. రింగ్‌కు బయటి వైపు, అంటే రింగ్‌కూ లంగరుకూ మధ్యలో ఉన్న తాడుకు, ఒక తేలే వస్తువు కట్టాలి. మూత గట్టిగా బిగించిన రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్ చాలు. దానికి ఎర్ర గుడ్డో, మెరిసే టేపో చుట్టండి. అవసరం పడి తాడు వదిలేస్తే, తోక రింగ్‌లోంచి జారిపోతుంది. బాటిల్ నీటి మీద తేలుతూ లంగరు ఎక్కడుందో చూపిస్తుంది. గాలి తగ్గాక వెళ్లి తీసుకోవచ్చు. తీసుకోలేకపోయినా పోయింది కొన్ని వందల రూపాయల ఇనుము. దానికోసం ఆగొద్దు.

ఇది గట్టు మీద పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. తర్వాత మోకాలి లోతు నీళ్లలో ఇంకో పదిసార్లు. కళ్లు మూసుకుని కూడా చేయి క్లీట్ మీదికి పోవాలి. వదిలేయడం చేతికి అలవాటు కానిదే లంగరు వేయడం మొదలుపెట్టొద్దు.

క్లీట్‌కు తోడు ఒక కత్తి ఉండాలి. బ్యాగులో కాదు, సీటు కింద కాదు, లైఫ్ జాకెట్ ఛాతీ మీద. మొన మొద్దుగా, అంచు రంపంలా ఉండేది మంచిది. తడి నైలాన్ తాడును అది త్వరగా కోస్తుంది, మొన గుచ్చుకుని గాలి కయాక్ పేలదు.

ఇంకో మాట. తాడును చేతికి చుట్టుకోవడం, నడుముకు కట్టుకోవడం, కాలి కింద తొక్కిపెట్టడం ఎట్టి పరిస్థితిలో చేయొద్దు. చాలినంత తాడు వదిలాక మిగిలినది ఒక చిన్న సంచిలో ఉండాలి, కాళ్ల దగ్గర చుట్టలు చుట్టలుగా కాదు.

తాడు ఎంత పొడవు?

లంగరు బరువుతో పట్టదు, కోణంతో పడుతుంది. తాడు ఏటవాలుగా, దాదాపు నేల మీద పడుకున్నట్టు లాగితేనే కొక్కేలు మట్టిలో దిగుతాయి. తాడు నిటారుగా ఉంటే గాలి వచ్చిన ప్రతిసారీ లంగరు పైకి లేస్తుంది, లేదంటే కయాక్ కొనను కిందికి గుంజుతుంది.

అందుకని లోతుకు కొన్ని రెట్లు తాడు వదలాలి. గాలి లేని నిలకడ నీళ్లకు కనీసం మూడు రెట్లు. గాలి ఉంటే ఐదు రెట్లు. అలలు లేస్తుంటే ఏడు రెట్లు. లోతు ఎనిమిది అడుగులు ఉందనుకోండి. ఐదు రెట్ల లెక్కన నలభై అడుగుల తాడు కావాలి. లోతు ఇరవై అడుగులైతే వంద అడుగులు. అంత తాడు మన దగ్గర లేదంటే అక్కడ లంగరు వేయకూడదని అర్థం. ఇంకా నిస్సారమైన చోటికి వెళ్లాలి.

లోతు తెలుసుకోవడం కష్టమేం కాదు. గాలం తీగకు సీసం గుండు కట్టి దింపి కొలవొచ్చు. లంగరు తాడు మీద ప్రతి రెండు మీటర్లకు రంగు టేపు చుట్టి పెట్టుకుంటే ఎంత వదిలామో కనిపిస్తుంది.

గాలి దిశ మారితే కయాక్ లంగరు చుట్టూ తిరుగుతుంది. నలభై అడుగుల తాడు వదిలితే చుట్టూ నలభై అడుగుల మేర ఖాళీ ఉండాలి. ఆ వలయంలో ఎవరి వల గానీ, ఇంకో పడవ గానీ, మోడు గానీ ఉండకూడదు.

ఏ తాడు, ఏ లంగరు?

రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లోనో, మీ గల్లీ చివరి షాపులోనో నీలం, పసుపు రంగు ప్లాస్టిక్ తాడు చవకగా దొరుకుతుంది. అది నీటి మీద తేలుతుంది. తేలే తాడు కయాక్ చుట్టూ మెలికలు పడి తెడ్డుకు, కాళ్లకు చుట్టుకుంటుంది. నైలాన్ తాడు మునుగుతుంది, కాస్త సాగుతుంది, కుదుపును మింగుతుంది. ఆరు మిల్లీమీటర్ల లావు ఉంటే చేతికి పట్టు దొరుకుతుంది. లంగరుకూ తాడుకూ మధ్య మూడు నాలుగు అడుగుల గొలుసు వేస్తే ఇంకా మంచిది. గొలుసు బరువుకు లంగరు నేల మీద పడుకుంటుంది, రాళ్లకు తాడు కోసుకుపోదు.

ఎక్కువగా అమ్ముడయ్యేది నాలుగు కొక్కేల మడత లంగరు. రాళ్లలో, మోళ్లలో బాగా పడుతుంది. మెత్తటి బురదలో జారుతుంది. బురద చెరువుకు పంజా ఆకారపు లంగరు మేలు. మూడు నాలుగు అడుగుల లోతే ఉన్నచోట లంగరు అక్కర్లేదు. ఒక పొడవాటి కర్రను బురదలో గుచ్చి, దానికి ఇలాగే వదిలేయగలిగే తాడు వేస్తే చాలు.

గాలి కయాక్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. మడత లంగరు కొక్కేలు రబ్బరును చీల్చేస్తాయి. వాడనప్పుడు మడిచి, పాత జీన్స్ కాలు ముక్కలో దూర్చి పెట్టండి. పైకి లాగేటప్పుడు కొక్కేలు కయాక్ అంచుకు తగలకుండా చూడండి.

దింపడం, తీయడం

లంగరును విసరొద్దు. విసిరితే మనం వంగుతాం, కయాక్ వంగుతుంది, తాడు గాలంలో చిక్కుతుంది. ముందు చుట్టూ చూడాలి. వల తేలుళ్లు కనిపిస్తే దూరంగా జరగాలి. ఒకరి వలను చింపడమంటే వాళ్ల కుటుంబం రోజు కూలి పోగొట్టడమే. ఆ వలలో మనమూ చిక్కుకుంటాం. తర్వాత గాలికి ఎదురుగా తిరిగి, లంగరును నెమ్మదిగా నేల తగిలేదాకా దింపి, గాలికి వెనక్కి కొట్టుకుపోతూ తాడు వదలాలి. సరిపడా వదిలాక క్లీట్‌లో ఇరికించి, గట్టు మీద రెండు చెట్లను గుర్తు పెట్టుకోవాలి. ఐదు నిమిషాల తర్వాత ఆ చెట్లు అలాగే కనిపిస్తే లంగరు పట్టినట్టు.

తీసేటప్పుడు తాడును కొన నుంచే తీసుకుంటూ లంగరు మీదికి వెళ్లాలి. సరిగ్గా దాని పైకి వచ్చాక నిటారుగా లాగితే ఊడొస్తుంది. పక్కకు వంగి బలంగా గుంజొద్దు. గుంజుతున్నప్పుడు లంగరు ఒక్కసారిగా ఊడితే మనం అవతల పడతాం.

రాళ్లలో, మోళ్లలో ఇరుక్కోవడం మామూలే. దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది. తాడును లంగరు పై రింగ్‌కు కాకుండా అడుగు భాగానికి కట్టి, పై రింగ్ దగ్గర ఒక ప్లాస్టిక్ జిప్ టైతో మాత్రమే పట్టించాలి. మామూలుగా లాగినప్పుడు పై నుంచే లాగినట్టు పనిచేస్తుంది. ఇరుక్కున్నప్పుడు గట్టిగా గుంజితే టై తెగి, లాగుడు అడుగు నుంచి పడి, లంగరు వెనక్కి తిరిగి ఊడొస్తుంది. అయినా రాకపోతే? కోసేయండి. ఇంటికి రండి.

కచ్చులూరు చెప్పిన పాఠం

నీటి లాగుడు ఎంతుంటుందో తెలుసుకోవడానికి గోదావరిని గుర్తు చేసుకుందాం. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు మునిగింది. మన హైదరాబాద్, వరంగల్ వైపు నుంచి వెళ్లినవాళ్లు కూడా అందులో ఉన్నారు. మునిగిన బోటును బయటికి తీయడానికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం వాడినవి లంగర్లు, ఇనుప రోప్‌లే. లంగరు నది అడుగుకు దింపి, దేనికో తగిలాక పొక్లెయిన్‌తో లాగారు. తొలి ప్రయత్నాల్లో ఇనుప రోప్ తెగిపోయింది. వరద తగ్గాక మళ్లీ మొదలుపెట్టి, చివరికి అక్టోబర్ 22న బోటును ఒడ్డుకు చేర్చారు.

అది పెద్ద బోటు, పెద్ద నది. మన కయాక్‌తో పోలిక లేదు. కానీ ఒక్క విషయం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. అడుగున గట్టిగా పట్టుకున్న కొక్కేనికీ, పైన లాగే బలానికీ మధ్య తాడు ఉన్నప్పుడు ఏదో ఒకటి లొంగాలి. అక్కడ ఇనుప తాడు తెగింది. కయాక్ విషయంలో ఆరు మిల్లీమీటర్ల నైలాన్ తాడు అంత తేలిగ్గా తెగదు. దానికన్నా ముందు కయాక్ బోల్తా పడుతుంది. అందుకే లొంగే చోటు మనమే ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. ఆ చోటే క్లీట్.

గాలి, పిడుగు, గేట్లు

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలులు, ఉరుములు వస్తాయి. చెరువు మీద ఆ గాలి దుమ్ములా కనిపించి నిమిషాల్లో మీద పడుతుంది. లంగరుతో కట్టేసి ఉన్న కయాక్ అలల మీద లేవలేదు, కొన కిందికి గుంజుకుపోతుంది. మబ్బు నల్లబడగానే లంగరు తీసి ఒడ్డుకు చేరాలి. తీసే టైమ్ లేకపోతే వదిలేయాలి. గ్రాఫైట్ గాలపు కర్రలో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి ఉరుము వినపడగానే దాన్ని కింద పెట్టేయాలి.

అమీర్‌పేట పక్కనే బేగంపేటలో ఉన్న వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా వచ్చే మూడు గంటల హెచ్చరికలు ఇస్తుంది. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. బయల్దేరే ముందు రెండూ చూడటానికి రెండు నిమిషాలు చాలు.

వానాకాలంలో ఇంకో ప్రమాదం గేట్లు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లకు ఎగువ నుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు. నిలకడగా ఉన్న నీళ్లు గంటలో ప్రవాహమైపోతాయి. ఏ జలాశయమైనా సరే, ఎగువన వాన పడుతున్నప్పుడు కయాక్ దింపొద్దు.

ఎక్కడికి వెళ్లాలి? అనుమతి ఎవరిది?

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు. సొంత కయాక్ తెచ్చి దింపే చోట్లు కావు. మిగతా చాలా చెరువుల్లో చేపల మీద హక్కు స్థానిక మత్స్యకార సహకార సంఘాలది. ముందుగా సంఘం వాళ్లను కలిసి అడగండి. ఎక్కడ వలలు ఉన్నాయో, ఎక్కడ మోళ్లు ఉన్నాయో, ఏ రోజుల్లో వేట ఆపుతారో వాళ్లే చెబుతారు. అనుమతితో పాటు అంతకన్నా విలువైన సమాచారం దొరుకుతుంది.

మనకు దగ్గర్లో ఉన్న హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు కలుస్తాయి. ఆ చేప ఇంటికి తెచ్చి సాలన్ వండుకునేది కాదు. కానీ నీటి మీద ఎలా మెలగాలో నేర్చుకోవడానికి ఆ సాగర్ మంచి బడి. సంజీవయ్య పార్క్ వైపు సుహేమ్ షేక్ 2009లో స్థాపించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. పేద ఇళ్ల పిల్లలు అక్కడ తెరచాప పడవలు నడపడం నేర్చుకుని జాతీయ పోటీల దాకా వెళ్లారు. కయాక్ నడపడం అలవాటు కావాలంటే వికారాబాద్ దాటాక కోట్‌పల్లి ప్రాజెక్టులో లైఫ్ జాకెట్ ఇచ్చి తిప్పుతారు. ముందు అలాంటి చోట తెడ్డు నేర్చుకుని, బోల్తా పడితే మళ్లీ ఎక్కడం నేర్చుకుని, గాలం, లంగరు తర్వాత పెట్టుకోవాలి.

ఇంట్లోవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు

కొడుకునో, తమ్ముడినో ఆపడం ఒక్కటే దారి కాదు. ఆపితే చెప్పకుండా వెళ్తారు. దానికన్నా గుమ్మం దగ్గర ఈ ప్రశ్నలు అడగండి.

లైఫ్ జాకెట్ ఏది? కయాక్‌లో పెట్టుకుంటే కుదరదు, ఒంటి మీద ఉండాలి, బకిల్స్ అన్నీ బిగించి ఉండాలి. ఈత వచ్చినవాళ్లకు కూడా. తాడు కాలికి చుట్టుకుంటే ఈత పనిచేయదు.

తోడు ఎవరు వస్తున్నారు? ఒంటరిగా వెళ్తే లంగరు మాటే ఎత్తొద్దు. ఇంకో కయాక్ అయినా, గట్టు మీద ఇంకో మనిషైనా ఉండాలి.

ఏ చెరువు, ఏ వైపు గట్టు, ఎన్నింటికి తిరిగొస్తావు? లొకేషన్ ఫోన్‌కు పంపించు. చెప్పిన టైమ్‌కు గంట దాటితే మేం ఎవరికి ఫోన్ చేయాలి?

ఫోన్ నీళ్లు దూరని కవర్‌లో ఉందా? మెడలో విజిల్ ఉందా? కత్తి ఛాతీ మీద ఉందా?

ఏం వేసుకున్నావు? లుంగీ, పొడవాటి కుర్తా, జీన్స్ తడిస్తే బరువెక్కుతాయి, కాళ్లకు చుట్టుకుంటాయి. తేలికగా ఆరే ప్యాంటు, టీషర్టు చాలు.

చివరి ప్రశ్న: "లంగరు ఎలా వదులుతావో చేసి చూపించు." హాల్లో సోఫా కాలికి కట్టి అయినా చూపించమనండి. ఒక్క గుంజుతో ఊడిరాకపోతే ఆ రోజు లంగరు ఇంట్లోనే ఉండాలి.

ఒకవేళ పడిపోతే

మొదట తాడు నుంచి దూరం జరగాలి. కయాక్ తేలుతుంది కాబట్టి దాన్ని వదలొద్దు. కానీ అది లంగరుతో కట్టేసి ఉండి, ప్రవాహం దాని మీదుగా పోతుంటే మాత్రం కయాక్‌ను వదిలి, వెల్లకిలా తేలుతూ ఒడ్డు వైపు జరగాలి. విజిల్ ఊదాలి. గట్టు మీద ఉన్నవాళ్లు ఈత రాకుండా దూకొద్దు. తాడో, కర్రో, ఖాళీ క్యానో అందించి, 112కు ఫోన్ చేయాలి.

బయటికి తీసిన మనిషికి ఊపిరి ఆడకపోతే కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా తిప్పడం లాంటివి చేస్తూ టైమ్ పోగొట్టొద్దు. నీళ్లలో మునిగిన మనిషికి ముందు కావాల్సింది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో ముప్పైసార్లు గట్టిగా నొక్కడం, రెండుసార్లు ఊపిరి ఊదడం, సాయం వచ్చేదాకా ఇలాగే. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీళ్లు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెడతాయి.

చేప పడితే ఆ రోజు ఇంట్లో పండుగే. పడకపోతే వచ్చేవారం ఉంది. లంగరు చెరువులో వదిలేసి ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన కొడుకును చూసి అమ్మీ తిట్టదు. దస్తర్‌ఖాన్ పరిచి, కూర్చో అంటుంది.